రైజెన్ 5600ఎక్స్ ఓవర్‌క్లాకింగ్ మొదటిసారి: 1.4 వోల్టులు పెట్టొచ్చా?

గుంటూరు_బ్లెండర్:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బీటెక్ మూడో సంవత్సరం. రెండేళ్ళ కిందట నాన్న కొనిపెట్టిన డెస్క్‌టాప్ ఉంది. రైజెన్ 5 5600ఎక్స్, బి550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, వాటి డబ్బా మీద 3200 అని ఉంది. కూలర్ ప్రాసెసర్ పెట్టెలో వచ్చిన చిన్నదే. పవర్ సప్లై 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్.

ఒక బిల్డర్ గారికి అపార్ట్‌మెంట్ లోపల తిరుగుతున్నట్టు ఉండే యానిమేషన్ బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు చేసే ప్రోగ్రాం) చేసిపెడుతున్నా. నా గ్రాఫిక్స్ కార్డులో 4 జీబీ మెమరీయే ఉండటంతో సీన్ అందులో పట్టట్లేదు. అందుకని ప్రాసెసర్ మీదే రెండర్ చేస్తున్నా, అంటే సీన్‌ని లెక్కగట్టి బొమ్మలుగా మార్చడం. ఒక్కో ఫ్రేమ్‌కి 3 నిమిషాల 40 సెకన్లు. మొత్తం 300 ఫ్రేములు, అంటే 18 గంటల పైమాటే. రెండర్ నడిచేటప్పుడు ప్రాసెసర్ 91 డిగ్రీలు చూపిస్తోంది.

ఒక వీడియోలో ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ వేగం దాటించడం) చెబుతూ, బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) వెళ్ళి అన్ని కోర్లకీ (చిప్ లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) 4.7 గిగాహెర్ట్జ్, వోల్టేజి 1.4 అని టైప్ చేసి సేవ్ చేస్తే చాలన్నారు. వేడి, వోల్టేజి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రాంలో చూస్తే ఏ పనీ చెయ్యనప్పుడే నా ప్రాసెసర్ 1.45 వోల్టులు చూపిస్తోంది. అంటే 1.4 దానికంటే తక్కువే కదా, భయం లేనట్టేనా? పాడైతే ఇంకొకటి కొనమని నాన్నని అడగలేను. అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నా.


నరసరావుపేట_స్టూడియో:

అబ్బాయ్, ఆ 1.4 జోలికి వెళ్ళకు. ఎందుకో చెబుతా, నిదానంగా చదువు.

నువ్వు చూసిన 1.45 నిజమే. పని లేనప్పుడు ఏదో ఒక కోర్ ఒక్క క్షణం లేచి, 4.6 దాకా ఉరికి, పని ముగించి మళ్ళీ పడుకుంటుంది. ఆ క్షణానికి వోల్టేజి ఎక్కువే గానీ లాగే ఆంపియర్లు కొంచెమే. ఇప్పుడు రెండర్ పెట్టి అదే గడి చూడు. ఆరు కోర్లూ పనిలో పడగానే వోల్టేజి 1.2 చుట్టుపక్కలకి దిగిపోతుంది. చిప్ తన వేడినీ, లాగుతున్న కరెంటునీ చూసుకుని తానే దించుకుంటోందన్నమాట. బయోస్‌లో 1.4 అని మేకు కొట్టినట్టు పెడితే ఆ దించుకునే వీలు పోతుంది. ఆరు కోర్లూ పూర్తి బరువు మోస్తూ, 18 గంటలు, 1.4 దగ్గరే ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు కనపడే 1.45కీ, బరువు మీద ఉండే 1.4కీ పోలికే లేదు.

2003 నుంచి నా పని పెళ్ళి వీడియోల ఎడిటింగ్. 2007 చివర్లో అప్పు చేసి కోర్ 2 క్వాడ్ క్యూ6600 కొన్నా. కంపెనీ వేగం 2.4 గిగాహెర్ట్జ్, అంటే బస్సు (బోర్డు నుంచి చిప్‌కి అందే మూల వేగం) 266 మెగాహెర్ట్జ్, దాన్ని హెచ్చవేసే గుణకం 9. బస్సుని 333 చేస్తే సరిగ్గా 3.0 అవుతుంది. వోల్టేజి ముట్టుకోకుండానే ఎక్కింది, ఏడాది పాటు చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. ఆ ధైర్యంతో 2008 డిసెంబర్లో బస్సుని 400 చేశా. 3.6 గిగాహెర్ట్జ్. నిలబడకపోతే వోల్టేజి పెంచుతూ పెంచుతూ 1.5 దాకా తీసుకెళ్ళా. అప్పుడు గదిలో 22 డిగ్రీలు. రాత్రంతా ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రాం నడిపితే తెల్లారేసరికి ఒక్క తప్పు లేదు. ఇక గట్టిపడిందనుకున్నా.

2009 మే. మా పల్నాడు ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు, రెంటచింతల మాకు పక్కనే. స్టూడియో గదిలో 39. ఒక పెళ్ళి రెండర్ చేసి, డీవీడీలు 20 రాసి ఇచ్చేశా. రెండు రోజులకి పెళ్ళికూతురి తల్లి ఫోన్ చేసింది. తలంబ్రాలు పోసుకునే చోట నాలుగు సెకన్లు బొమ్మ మొత్తం పచ్చటి గళ్ళు. కంప్యూటర్ ఆగలేదు, నీలం తెర రాలేదు, రెండర్ పూర్తయిందనే చెప్పింది. లోపల లెక్క తప్పి, ఆ తప్పునే ఫైల్లో రాసేసింది. మినీ డీవీ టేపులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి కాబట్టి మళ్ళీ ఎక్కించి, మళ్ళీ రెండర్ చేసి, నేనే వాళ్ళ ఇంటికెళ్ళి ఇచ్చొచ్చా. టేపులు చెరిపి ఉంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ ఆలోచించలేను. ఆ తర్వాత ఆ చిప్ 3.6 మాట అటుంచి, ఏడాది పాటు హాయిగా నడిచిన 3.0 కూడా పాత వోల్టేజి మీద మొయ్యలేకపోయింది. ఐదు నెలల్లో అరగదీశాను దాన్ని.

అందుకని నీకు చెప్పేది రెండే మాటలు. వోల్టేజి పెంచి వేగం తెచ్చుకునే పద్ధతి నీ చిప్‌కి అక్కర్లేదు, తగ్గించి తెచ్చుకునే పద్ధతి ఉంది. రెండోది, ఏం చేసినా మే నెల మధ్యాహ్నం పరీక్షించి గానీ నమ్మకు.

దానికి ముందు ఓవర్‌క్లాకింగ్‌తో సంబంధం లేనివి కొన్ని చూడు. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే స్పీడ్ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంతో రాయి. కేబినెట్ పక్క తలుపు తీసి, ర్యామ్‌లు ఏ గాళ్ళలో ఉన్నాయో చూడు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టు, రెండోదీ నాలుగోదీ అయ్యుండాలి. ఇంకా, కొట్లో గోడకి తగిలించే థర్మామీటర్ ఒకటి కొనుక్కొచ్చి, కేబినెట్ గాలి పీల్చుకునే వైపు పెట్టు. ప్రాసెసర్ 91 అన్నావు, గది ఎంతో చెప్పలేదు. గది 25 ఉండి 91 వస్తే ఒక జబ్బు, గది 36 ఉండి 91 వస్తే ఇంకో జబ్బు. మన ఊళ్ళలో చిప్ వేడిని గది వేడి తీసేసి చెప్పుకుంటేనే ఏదైనా అర్థమవుతుంది.

బయోస్ అప్‌డేట్ ఈలోగా చెయ్యకు. యూపీఎస్ లేకుండా అసలు చెయ్యకు. సగంలో కరెంటు పోతే బోర్డు చేతికి రాదు.


ఖని_బిడ్డ:

తమ్మీ, మాది గోదావరిఖని. నేను పెద్ద తోపును కాదు గని నా ఒక్క ముచ్చట ఇను. ఈడ బొగ్గు దుమ్ము ఎట్లుంటదో ఎరుకే గదా. పోయిన ఎండకాలం నా కంప్యూటర్ ఆట నడుమ ఊకె ఆగుతుండె. ప్రాసెసర్ పాతదైంది, మార్చాల్నని అనుకున్న. విప్పి చూస్తే కూలర్ రెక్కల నడుమ నల్లగ బొంత లెక్క దుమ్ము పేరుకున్నది. బ్రష్‌తోని, బ్లోయర్‌తోని సాఫ్ చేస్తే 14 డిగ్రీలు దిగింది. ఫ్యాన్‌ను వేలుతోని ఆపి పట్టుకొని బ్లోయర్ కొట్టు, లేకుంటే అది గిర్రున తిరిగి పాడైతది. మీ గుంటూర్ల మిర్చి ఘాటు, దుమ్ము తక్కువేం ఉండదు. ముందుగాల అది చూడు.

ఇంకొకటి. వీడియోలల్ల చెప్పేది అందరి బోర్డులకు కాదు. నాది ఐ5 12400, బి660 బోర్డు. దాంట్ల గుణకం పెంచుడే లేదు. ఇంటెల్‌ల పేరు చివర కే అక్షరం ఉన్న చిప్, జెడ్ రకం బోర్డు ఉంటెనే ఆ పని. నీ బి550ల మాత్రం తాళం లేదు. ఏ520 అయితే ఉంటుండె.


గుంటూరు_బ్లెండర్:

అన్నగారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. మీరు చెప్పినవన్నీ చూశా.

మెమరీ స్పీడ్ 2666 చూపిస్తోంది. ర్యామ్‌లు మొదటి గాడిలోనూ, రెండో గాడిలోనూ పక్కపక్కనే ఉన్నాయి. అసెంబుల్ చేసిన షాపు వాళ్ళు అలా పెట్టారు, నేను రెండేళ్ళుగా చూడనే లేదు. గది మధ్యాహ్నం రెండింటికి 35 డిగ్రీలు. ఖని అన్నా, దుమ్ము ఉంది, మీరన్నంత కాదు గానీ ఉంది, తుడిచా.

ఇప్పుడు ర్యామ్‌లు మార్చి పెట్టుకోవచ్చా? నాకు భయంగా ఉంది.


నరసరావుపేట_స్టూడియో:

భయపడాల్సింది ఏం లేదు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కు, మిగిలిన కరెంటు పోతుంది. కేబినెట్ ఇనుముని చేత్తో తాకు. ర్యామ్ చివర క్లిప్పు తెరిచి, నిలువుగా పైకి లాగు. రెండో గాడి, నాలుగో గాడి. టక్‌మని వినపడేదాకా నొక్కు.

పక్కపక్కన ఉన్నప్పుడు రెండూ ఒకే దారిన పోతున్నాయి. రెండు దారులున్న రోడ్డు మీద రెండేళ్ళు ఒకే వరసలో బండి నడిపావు. తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అని గానీ, డీఓసీపీ అని గానీ, నీ బోర్డు కంపెనీని బట్టి పేరు మారుతుంది, అది ఆన్ చెయ్యి. ర్యామ్ డబ్బా మీద రాసిన 3200కి వస్తుంది. 5600ఎక్స్‌కి ఏఎండీ అధికారికంగా చెప్పిన మెమరీ వేగం కూడా డీడీఆర్4 3200యే, కాబట్టి దీనికి తటపటాయించకు. సేవ్ చేశాక తెర నల్లగా ఉండి, తనే రెండు మూడు సార్లు ఆగి లేవొచ్చు. మెమరీని అలవాటు చేసుకుంటోంది. కంగారుపడి స్విచ్ తియ్యకు, టీ తాగి రా.

తర్వాత ఒక రాత్రి పెన్‌డ్రైవ్ మీద మెమ్‌టెస్ట్86 నడుపు. అందులో ఒక్క తప్పు కనపడినా ముందుకి వెళ్ళొద్దు. ర్యామ్ తప్పుని ప్రాసెసర్ తప్పనుకుని వారాలు పాడుచేసుకున్నవాళ్ళని చూశా.

ఇక కూలర్. గది 35కి 91 అంటే చిప్ గది కంటే 56 డిగ్రీలు పైన ఉంది. మేలో గది 39 అయితే 95కి తగులుతుంది. ఆ చిప్‌కి అదే పై గీత, అక్కడికి రాగానే తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే ఇప్పుడు నువ్వు వేగం పెంచితే నీ చిన్న కూలర్ ఆ పెంచిందంతా వెనక్కి లాక్కుంటుంది. రెండు వేల రూపాయల చుట్టుపక్కల, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న నిలువు కూలర్ ఒకటి కొను. ఖర్చు పెట్టాల్సిందేదైనా ఉంటే అదొక్కటే.

పాత కూలర్ పీకేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి. ఏఎం4 ప్రాసెసర్‌కి అడుగున 1,331 సన్నటి కాళ్ళుంటాయి. పేస్టు ఎండిపోయి ఉంటే, కూలర్‌ని లాగినప్పుడు దానికి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి వచ్చేస్తుంది, కాళ్ళు వంగుతాయి. అందుకే ముందు పావుగంట రెండర్ నడిపి వేడెక్కించు. ఆపేసి, ప్లగ్ తీసి, మరలు విప్పి, కూలర్‌ని పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పు. పేస్టు వదిలాక జారినట్టు వస్తుంది. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు.

ఇంకో మాట. మీ గదిలో ఎయిర్ కూలర్ ఉంటే దాని తడి గాలి నేరుగా కేబినెట్‌కి కొట్టేలా పెట్టకు. చల్లగా ఉంటుందని చాలామంది పెడతారు. ఆ తడికి లోపల లోహం చిలుము పడుతుంది.


గుంటూరు_బ్లెండర్:

అన్నగారూ, రెండు వారాలు పట్టింది. ర్యామ్‌లు మార్చి 3200 పెట్టా, మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచింది, తప్పులు సున్నా. ఫ్రేమ్ 3:40 నుంచి 3:31కి వచ్చింది. బ్లెండర్ అటుంచి, మామూలుగా వాడేటప్పుడే తేడా తెలుస్తోంది.

నిన్న కొత్త కూలర్ బిగించా. మీరు చెప్పినట్టు వేడి చేసి తిప్పితే ప్రాసెసర్ సాకెట్లోనే ఉండిపోయింది. గది 35, ప్రాసెసర్ 76. ఫ్రేమ్ 3:22. ఇంకా ఓవర్‌క్లాకింగ్ మొదలే పెట్టలేదు!

ఇప్పుడు ఆ వోల్టేజి తగ్గించి వేగం తెచ్చుకోవడం ఏంటో చెప్పండి. తగ్గిస్తే వేగం ఎలా పెరుగుతుంది? నాకు అది తలకెక్కట్లేదు.


విఎల్ఎస్ఐ_హైదరాబాద్:

ఈ ప్రశ్నకి నేను చెప్పనా? నేను హైదరాబాద్‌లో చిప్ డిజైన్‌లో ఉన్నాను, పదకొండేళ్ళయింది.

చిప్ లోపల ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. నీ వీడియో లెక్కే తీసుకుందాం. రెండర్‌లో నీ చిప్ సుమారు 4.5 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టుల దగ్గర ఉందనుకో. 4.7 చేస్తే వేగం పెరిగింది 4.4 శాతం. 1.2ని 1.4 చేస్తే, వర్గం కాబట్టి, దాని వల్లే 36 శాతం. రెండూ కలిపితే 42 శాతం ఎక్కువ వేడి. నాలుగు శాతం పని కోసం నలభై రెండు శాతం వేడి.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడు. నీ 5600ఎక్స్‌కి కంపెనీ పెట్టిన విద్యుత్తు పరిమితి 76 వాట్లు. రెండర్‌లో అది ఆ 76 దగ్గర ఆగిపోతోంది, ఇంకా పరిగెత్తగలిగినా. వోల్టేజి కొంచెం తగ్గిస్తే అదే వేగానికి తక్కువ వాట్లు చాలు. మిగిలిన వాట్లతో చిప్ తనంతట తానే వేగం పెంచుకుంటుంది. తగ్గిస్తే పెరగడం అంటే ఇదే.

మరి కంపెనీ ముందే ఎందుకు తగ్గించి ఇవ్వలేదు? ఎందుకంటే ఒకే పళ్ళెం లాంటి సిలికాన్ వేఫర్ మీంచి కోసిన రెండు చిప్‌లు ఒకేలా ఉండవు. ఒకే చిప్‌లోని ఆరు కోర్లు కూడా ఒకేలా ఉండవు. అన్నిటికంటే బలహీనమైనది, అన్నిటికంటే వేడి గదిలో, ఏళ్ళు గడిచాక కూడా లెక్క తప్పకుండా ఉండాలని మేం కొంత వోల్టేజి అదనంగా ఉంచుతాం. నువ్వు తగ్గించేది ఆ అదనం లోంచే. ఒకేసారి అంతా తినెయ్యకు. అన్నగారి చిప్‌కి జరిగింది దీనికి రెండో వైపు. ఎక్కువ వోల్టేజి, ఎక్కువ వేడి కలిసినప్పుడు లోపలి సన్నటి రాగి తీగల్లో ఎలక్ట్రాన్ల ఒరవడికి లోహపు అణువులు కొంచెం కొంచెంగా కదిలిపోతాయి. ట్రాన్సిస్టర్లు కూడా మందగిస్తాయి. అప్పుడు అదే వేగానికి ముందుకంటే ఎక్కువ వోల్టేజి కావాలి. దానికి వెనక్కి దారి లేదు.

ఇది కేవలం ఔత్సాహికుల పొరపాటు కూడా కాదు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని సాకెట్లోనే కాలిపోయాక ఎస్ఓసీ వోల్టేజిని (కోర్లకి కాక, చిప్‌లో మెమరీ వగైరా చూసుకునే భాగానికి వెళ్ళేది) 1.3 దాటనివ్వకుండా బయోస్ అప్‌డేట్లు వచ్చాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు అధిక వోల్టేజి వల్ల అస్థిరమవుతున్నాయని తేలి, 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (చిప్ నడతని సరిదిద్దే లోపలి కోడ్) ఇచ్చారు, వారంటీని రెండేళ్ళు పొడిగించారు. బయోస్‌లో వోల్టేజి ఆటో అని ఉన్నంత మాత్రాన క్షేమమే అనుకోకూడదని చెప్పడానికే ఇవి రాశాను. యూపీఎస్ దొరికిన రోజున బయోస్ కొత్తది వేసుకో. అప్‌డేట్ చేస్తే సెట్టింగులు మొదటికొస్తాయి, 3200 మళ్ళీ పెట్టుకోవాలి.


నరసరావుపేట_స్టూడియో:

అమ్మా, ఇన్నేళ్ళకి నా క్యూ6600కి ఏమైందో అర్థమయ్యేలా చెప్పారు. చాలా సంతోషం.

అబ్బాయ్, ఇక చేసే పని. ముందు నీ ప్రాజెక్టు ఫైళ్ళన్నీ వేరే డిస్కు మీదకి కాపీ చేసి, ఆ డిస్కుని పీకి బీరువాలో పెట్టు. నేను పరీక్షలు చేసేటప్పుడు పెళ్ళి ఫుటేజీ ఉన్న డిస్కు అసలు కంప్యూటర్‌కి తగిలించి ఉండదు. బయోస్‌లో ఇప్పుడున్న తెరలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకో. బోర్డు పుస్తకంలో సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చోటు) క్లియర్ చేసే రెండు పిన్నులు ఎక్కడున్నాయో చూసి పెట్టుకో. ఏదైనా తేడా వచ్చి తెర రాకపోతే, ప్లగ్ తీసి, స్క్రూడ్రైవర్‌తో ఆ రెండిటినీ పది సెకన్లు కలిపితే బయోస్ మొదటికి వస్తుంది. లేదా గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టు. ఇది ముందే తెలిస్తే మిగతా దేనికీ చెయ్యి వణకదు.

బయోస్‌లో పీబీఓ (చిప్ తన వేగం తానే పెంచుకునే పరిమితుల్ని మార్చే సెట్టింగు) దగ్గరికెళ్ళి అడ్వాన్స్‌డ్ పెట్టు. పీబీఓ వాడితే కంపెనీ వారంటీ వర్తించదని ఏఎండీ హెచ్చరిక అక్కడే కనపడుతుంది, చదివే ఒప్పుకో. పరిమితులు మాన్యువల్‌గా పీపీటీ (వాట్లు) 76, టీడీసీ (నిలకడగా లాగే ఆంపియర్లు) 60, ఈడీసీ (క్షణకాలం లాగే ఆంపియర్లు) 90 అని వెయ్యి. అవి నీ చిప్‌కి కంపెనీ అంకెలే, వాటిని పెంచకు. బోర్డు పరిమితులు అని ఉన్నదాన్ని ఎంచుకుంటే పగ్గాలు వదిలేసినట్టే. మెగాహెర్ట్జ్ పెంచే గడి సున్నాలోనే ఉండనీ. వోల్టేజిని మెట్టుమెట్టుగా తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్, నెగటివ్, 10. అంతే. సేవ్ చెయ్యి.

ఇప్పుడు కొత్తవాళ్ళందరూ పడే గోతి చెబుతా. వేగం కొలిచే సినీబెంచ్ ప్రోగ్రాం పది నిమిషాలు నడిచిందని పండగ చేసుకుంటారు. కర్వ్ ఆప్టిమైజర్‌లో మరీ తగ్గిస్తే మిషను చాలా మటుకు బరువు మీద పడిపోదు, ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతుంది. ఒకే కోర్ ఒక్కసారిగా పై వేగానికి ఎగిరినప్పుడు వోల్టేజి చాలక పడిపోతుంది. రాత్రంతా రెండర్ చేసిన మిషను పొద్దున పాట వింటుంటే ఠక్కున రీస్టార్ట్ అవుతుంది. అందుకని కోర్‌సైక్లర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, ఒక్కో కోర్‌ని విడిగా పట్టి పరీక్షిస్తుంది. రాత్రి పెట్టి పడుకో. తప్పితే ఏ కోరో చెబుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తప్పుల్ని రాసిపెట్టే చోటు) డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18 అని ఎర్రగా కనపడినా, 19 అని హెచ్చరికగా కనపడినా లెక్కలోకి తీసుకో. మిషను ఆగలేదు కదా అని వదిలెయ్యకు.

10 మూడు రోజులు నిలబడితే 15కి వెళ్ళు. తర్వాత కోర్ వారీగా. అన్నిటికంటే చురుకైన కోర్లే తరచు తక్కువ తగ్గింపు ఓర్చుకుంటాయి, వాటిలో అదనం ముందే తక్కువ కాబట్టి.


గుంటూరు_బ్లెండర్:

అన్నగారూ, అక్కా, ఖని అన్నా, మే 11న రాస్తున్నా.

10 నిలబడింది. 15 నిలబడింది. 20 పెట్టిన రోజు సినీబెంచ్ మూడుసార్లు నడిచింది, చాలా సంతోషపడ్డా. రాత్రి రికార్డు రాసుకుంటూ, బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉండగా రీస్టార్ట్ అయింది. మీరు రాసింది అక్షరాలా అదే. ఈవెంట్ వ్యూయర్‌లో 18 ఉంది. కోర్‌సైక్లర్ పెడితే కోర్ 3 నలభై నిమిషాలకే తప్పింది. దాన్ని 8కి తెచ్చా, మరో చురుకైన కోర్‌ని 12కి, మిగతావి 18. రెండు రాత్రులు వరసగా తప్పు లేదు.

రెండర్‌లో ఇప్పుడు 4.55 దగ్గర ఉంటోంది, ముందు పాత కూలర్‌తో వేడికి 4.3కి పడిపోయేది. ఫ్రేమ్ 3:14. మొత్తం మీద 300 ఫ్రేములకి రెండు గంటల పది నిమిషాలు మిగులుతున్నాయి, అంత ఖర్చూ కూలర్ మీద పెట్టిందే.

నాన్నకి చూపించా. పాడవ్వలేదు కదా అని ఒక్కటే అడిగారు.


నరసరావుపేట_స్టూడియో:

మంచి పని చేశావు. కోర్ 3ని 8 దగ్గర కూడా కాకుండా 5కి తెచ్చి ఉంచు, ఎండలింకా ముదురుతాయి. ఆ మూడు మెట్ల తేడాతో నీ ఫ్రేమ్ ఒక్క సెకను కూడా మారదు.

ఇంకో పరీక్ష మిగిలింది. నా తలంబ్రాల కథ మర్చిపోలేదు కదా. మిషను ఆగకపోవడం వేరు, లెక్క సరిగ్గా చెయ్యడం వేరు. పీబీఓ తీసేసి, మామూలు సెట్టింగులతో ఒక బరువైన ఫ్రేమ్ రెండర్ చేసి దాచుకో. మళ్ళీ నీ సెట్టింగులు పెట్టి, మధ్యాహ్నం రెండింటికి, తలుపులేసి, అదే ఫ్రేమ్ అదే సీడ్‌తో (చుక్కలు ప్రతిసారీ ఒకేలా పడేలా చేసే అంకె) ఇరవై సార్లు రెండర్ చెయ్యి. ఒక్కోదాన్ని మొదటిదాని మీద డిఫరెన్స్ మోడ్‌లో, అంటే రెండు బొమ్మల తేడా మాత్రమే చూపేలా, వేసి చూడు. రెండూ ఒకటే అయితే పూర్తిగా నల్లగా రావాలి. ఒక్క చుక్క వెలిగినా 5 మెట్లు వెనక్కి రా. బిల్డర్ గారికి ఇచ్చే ముందు చెయ్యి, ఇచ్చాక కాదు.


గుంటూరు_బ్లెండర్:

చేశా అన్నగారూ. కోర్ 3 ఇప్పుడు 5. ఫ్రేమ్ 212 తీసుకున్నా, వంటగదిలో గాజు అలమారా ఉన్నది, అన్నిటికంటే బరువైంది. నిన్న గది 39 చూపించింది, ప్రాసెసర్ 80. ఇరవై సార్లు. చివరివి రెండూ మిగిలి ఉండగా కరెంటు పోయింది, సాయంత్రం మళ్ళీ మొదటి నుంచి పెడదామనుకుని, మీరు మధ్యాహ్నం అన్నారని ఆగి, ఈరోజు రెండింటికి మొత్తం ఇరవై మళ్ళీ చేశా. ఈరోజు గది 40.

ఇరవైకి ఇరవై నల్లగానే వచ్చాయి. చుక్క కనపడుతుందేమోనని బ్రైట్‌నెస్ మొత్తం పెంచి కూడా చూశా. రేపు పొద్దున మొత్తం 300 పెడుతున్నా.